వేసవి చివర వచ్చిన క్రొత్త పుస్తకములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని పెద్దల మాట. దమ్మపేట ప్రాంతమున ఆ మాటకు వేరే సాక్ష్యము వెదకనక్కరలేదు. ఇప్పపూల కాలము ముగిసిపోయి, మామిడితోటలలో చివరి కోతలు సాగుచు, తునికాకు కల్లములలో ఆకుకట్టలు ఎండుచు, రైతు మాటిమాటికి నైరృతి మూలకు చూచుచుండు దినములవి. పల్లెటూరి గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకముల కట్ట దిగుట తరచుగా ఈ దినములలోనే జరుగును. కారణము సులభముగనే తెలియును. ప్రభుత్వ వార్షిక లెక్కలు మార్చి 31వ తేదీతో ముగియును. ఆ లోపల కొన్న పుస్తకములు జిల్లా కేంద్రమునకు చేరి, జాబితాలతో సరిచూడబడి, శాఖలకు పంచబడునప్పటికి ఏప్రిల్ గడచి మే నెల సగమైపోవును. బస్సుమీదనో ఆటోలోనో వచ్చిన ఆ కట్టను గుమ్మములో దింపుదురు. పురికొస ముడి గట్టిగా బిగిసియుండును. క్రొత్త సిరా వాసన, జిగురు వాసన గోతాము దాటి బయటికి వచ్చుచుండును.

ఆ ముడి ఎప్పుడు విప్పబడును? నేటి ప్రసంగమునకు విషయమదియే. కట్ట వచ్చిన దినమునకును, అందలి పుస్తకము చదువరి చేతికందిన దినమునకును నడుమ ఎంత కాలము గడచుచున్నది? గ్రంథాలయములనుగూర్చి జరుగు సభలలో పుస్తకముల సంఖ్యను చెప్పుదురు, సభ్యుల సంఖ్యను చెప్పుదురు, భవనమునకైన వ్యయమును చెప్పుదురు. ఈ నడిమి కాలమును లెక్కించినవారు అరుదు. అయినను ఒక గ్రామ గ్రంథాలయము జీవించియున్నదా, తలుపులు మాత్రము తెరచుకొని యున్నదా అని తెలిసికొనుటకు ఇంతకు మించిన కొలమానము లేదు.

ఈ సీమలో చదువరుల సంవత్సరము పంచాంగముతో గాక పనులతో నడుచును. బడిపిల్లలకు ఏప్రిల్ చివరి వారమునుండి జూన్ రెండవ వారమువరకు సెలవులు. వరి, ప్రత్తి వేయు రైతునకు మృగశిర ప్రవేశించువరకు కొంత తీరిక. జూన్ 7, 8 తేదీలలో మృగశిర వచ్చును. తొలకరి పడినదా, అరక కట్టవలసినదే. కోయపల్లెలలో భూమిపండుగ చేసి విత్తనము చేతబట్టుదురు. పిల్లలు బడికి పోవుదురు. ఆ పిదప దసరావరకు గ్రంథాలయపు బల్లలు పలుచబడును. కావున మే మూడవ వారములో వచ్చిన కట్టకు చదువరుల తీరిక మిగిలియున్నది మూడు వారములు మాత్రమే. ఆ మూడు వారములు గోతాములోనే గడచినచో ఆ పుస్తకము తన మొదటి చదువరిని కలిసికొనుటకు మరల ఎన్నో నెలలు వేచియుండవలెను. అప్పటికది క్రొత్త పుస్తకము కాదు, ధూళి పట్టిన పుస్తకము.

దమ్మపేట మండలములోనే అప్పారావుపేటయందును, ప్రక్కనే అశ్వారావుపేటయందును పామాయిలు కర్మాగారములున్నవి. ఈ సభలో ఆయిల్ పామ్ తోటలున్న రైతులు పలువురుందురు. కోసిన గెలను 24 గంటలలోపల కర్మాగారమునకు చేర్చవలెనని వారికెవరును చెప్పనక్కరలేదు. ఆలస్యమైనకొలది కాయలో ఆమ్లము పెరిగి నూనె నాణ్యము చెడును. ట్రాక్టరు చెడినచో మరియొక ట్రాక్టరును వెదకుదురే గాని గెలలను చెట్టుక్రింద వదలిపెట్టరు. పుస్తకముల కట్టకు ఆ ఆతురత ఎందుకు లేదు? అది కుళ్లిన వాసన వేయదు గనుక. నష్టము కంటికి కనబడదు గనుక ఎవరికిని బాధ లేదు.

క్రొత్త పుస్తకమునకు ఒకప్పుడు ఈ తెలుగు సీమలో ఉండిన విలువ తలచుకొన్నచో ఈ నిర్లక్ష్యము మరింత వింతగా తోచును. 1948 వరకు ఈ గ్రామములు నిజాం రాజ్యములోనివి, వరంగల్ జిల్లాలోనివి. రాజభాష ఉర్దూ, పై చదువులు ఉర్దూలో. తూర్పున జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెముల వైపును, గోదావరికావల భద్రాచలమునందును ఆంగ్లేయుల పాలన. ఒకే అడవి, ఒకే భాష, నడుమ రాజ్యపు సరిహద్దు. ఆవలి గట్టున అచ్చైన తెలుగు పుస్తకము ఈవలికి వచ్చుట యొక విశేషము. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు దానికి మూలపురుషులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వచ్చినది. 1906లో లక్ష్మణరావుగారు, వారి మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటింప మొదలిడిరి. ఆ గ్రంథమాలలో తొలి పుస్తకము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాం లింకను చరిత్ర. బానిసత్వమును తొలగించిన ఒక అమెరికా అధ్యక్షుని కథను తెలుగులో చదువుట ఆ కాలపు యువకునకు ఎట్టి అనుభవమో ఊహించుకొనవచ్చును. వెట్టిచాకిరి ఇంకను నడచుచున్న పల్లెలలో అట్టి పుస్తకము వట్టి కాలక్షేపము కానేరదు.

బహిరంగ సభ జరుపుకొనవలెనన్నను ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని చెప్పు ఆజ్ఞ అమలులోనుండిన రోజులవి. ఆ రోజులలోనే 1925లో ఈ జిల్లాలోని మధిరలో గ్రంథాలయ మహాసభ జరిగినది. గ్రంథాలయములే ఆంధ్ర మహాసభకు నేల దున్నినవి. ఆ మహాసభ 1934లోను, మరల 1945లోను ఖమ్మములో సమావేశమైనది. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేయించిన పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. వారికి గోదాములో నిలువచేయు వసతి లేదు. చేయు తలంపును లేదు. అచ్చు ముగిసిన పుస్తకము సంచిలోనికి, సంచినుండి చదువరి చేతిలోనికి పోయెను. ఆ నడిమి కాలము ఆయన నడకకు పట్టిన కాలమే.

సరిహద్దులు ఆ తరువాతను కదలుచునే యున్నవి. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో తూర్పు గోదావరినుండి భద్రాచలము ప్రాంతము దానిలో కలిసినది. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు కూనవరము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలములు ఆవలికి పోయినవి, ఈ సీమ పొలిమేర మరల రాష్ట్రపు పొలిమేర యైనది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వచ్చినది. సరిహద్దు పుస్తకమునకు తెలియదు. గ్రంథాలయపు నిధులకు మాత్రము బాగుగా తెలియును.

ఆ నిధుల మాట రెండు వాక్యములలో చెప్పి ముగించుట మేలు. 1955లో హైదరాబాదు రాష్ట్రమునందును, ఆ పిదప 1960లో ఆంధ్రప్రదేశమంతటికిని గ్రంథాలయ చట్టము వచ్చినది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలై జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెను. ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును, చదువు రానివాడు సైతము, ఈ పుస్తకములకు వెల చెల్లించినవాడే. అడవి యంచున గుడిసెకు పన్ను కట్టిన ముసలమ్మకు కూడ ఆ గోతాములో వాటా కలదు. ఈ మాట తరువాత మరల అవసరపడును.

ఇక ముడి విప్పిన పిదప జరుగవలసిన పనులు. జాబితాతో సరిచూచుట. చిరిగిన పుటలు, తలక్రిందైన పుటలు, లోపించిన ఫారములు ఉన్నవేమో పరిశీలించుట. ఈ తనిఖీ మొదటనే చేయనిచో పుస్తకమును మార్చుకొను గడువు దాటిపోవును. పరిగ్రహణ పట్టికలో సంఖ్య వేసి వ్రాసికొనుట. ముఖపత్రము వెనుకను, నియమించుకొనిన లోపలి పుటలో నొకదానియందును ముద్ర వేయుట. వర్గసంఖ్య నిర్ణయించి వెన్నుపై చీటి అతికించుట. చివర తేదీ చీటి అంటించుట. ఇంతే. వినుటకు పొడవుగా నున్నను, నూరు పుస్తకములకు ఒక మనిషి శ్రద్ధగా కూర్చున్నచో మూడు నాలుగు దినముల పని. ఇద్దరు విద్యార్థులు సెలవులలో ముద్రలు వేయుటకు, చీట్లు అతికించుటకు తోడైనచో రెండు దినములు చాలును. పిల్లల చేతికి ఆ పని ఇచ్చుటలో మరియొక లాభమున్నది. చీటి అతికించుచు అతికించుచు ఏదో యొక పుట చదువని పిల్లవాడు ఉండడు. ఆ పుస్తకమునకు మొదటి చదువరి అచటనే దొరకును.

క్రొత్త పుస్తకమును తెరచుట కూడ ఒక విద్య. గట్టి అట్ట వేసిన పుస్తకమును నడుమ ఫెళ్లున విప్పినచో వెన్ను విరిగి కుట్టు వదలును. వేసవియెండకు జిగురు పెళుసెక్కి యుండును గనుక ఈ కాలమున ఆ ప్రమాదము మరింత. పుస్తకమును బల్లమీద వెన్నుపై నిలిపి, ముందు అట్టను, వెనుక అట్టను మెల్లగా వాల్చి, మొదటనుండి పది పుటలు, చివరనుండి పది పుటలు మార్చి మార్చి వేలితో నొక్కుచు నడుమకు రావలెను. ఇది నేర్చిన పిల్లవాడు తన బడిపుస్తకమును సైతము సంవత్సరాంతమువరకు నిలుపుకొనగలడు. మరల, వానలు రాకముందే పాత పుస్తకములను నీడపట్టున గాలికి ఆరబెట్టుట, అలమారను గోడకు జానెడు దూరము జరుపుట, దాని కాళ్లక్రింద నీళ్ల గిన్నెలుంచి చెదలకు దారి మూయుట ఈ దినములలోనే చేయవలసిన పనులు. తాళపత్రముల కాలమున మన పూర్వులు కట్టలో వసకొమ్ము ఉంచి ఎఱ్ఱబట్టలో చుట్టెడివారు. వేపాకు ఎండబెట్టి వరుసల వెనుక చల్లుట నేటికిని చెడ్డ ఉపాయము కాదు.

పనులన్నియు ముగిసినను పుస్తకము చదువరికి అందకుండుటకు ఒక్క వస్తువు చాలును. అది తాళము. ఐరోపాలో మధ్యయుగమున గ్రంథములను ఇనుపగొలుసులతో బల్లలకు బంధించి యుంచిరి. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ దేవాలయమున ఆ గొలుసుల గ్రంథాలయము నేటికిని చూడనగును. చేతివ్రాత గ్రంథములు అపురూపములైన కాలమున దానికొక అర్థముండెను. అద్దపు తలుపుల అలమారలో తాళమువేసి వెలుపలినుండి వెన్నులు చూపుట గొలుసునకు తమ్ముని వరుస. నెపము గ్రంథపాలకునిపై మోపుట న్యాయము కాదు. పోయిన పుస్తకమునకు తన జీతమునుండి చెల్లింపవలసివచ్చునను భయము వానిచేత తాళము వేయించును. కేంద్రప్రభుత్వపు ఆర్థిక నియమావళియే, సంవత్సరములో వేయి పుస్తకములు ఎరువుగా పోయినచోట, లేక చదువబడినచోట, అయిదు పోవుట సహజ నష్టమని అంగీకరించినది. ఒక్కటియు పోని గ్రంథాలయము గొప్పదికాదు. అచట చదువరులు అలమారను ముట్టలేదని మాత్రమే దానివలన తెలియును.

గ్రంథాలయ శాస్త్రమునకు ఆచార్యుడైన శియాళి రామామృత రంగనాథన్‌గారు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నుండి 1931లో తమ పంచసూత్రములను ప్రకటించిరి. వానిలో రెండు ఈ వేసవికి నేరుగా వర్తించును. ప్రతి పుస్తకమునకును తన చదువరి కలడనియు, వానిని వెదకిపెట్టుట గ్రంథాలయపు పనియనియు ఒకటి చెప్పును. చదువరి కాలమును వృథా చేయరాదని మరియొకటి చెప్పును. మొదటి సూత్రము దమ్మపేటలో పాటింపబడవలెనన్నచో ఒక ప్రశ్నకు జవాబు కావలెను: వేసవి చివర ఈ ఊరిలో చదువరి ఎచట నున్నాడు?

అందరును గ్రంథాలయపు బల్లవద్ద లేరు. తునికాకు కోతకు తెల్లవారకముందే అడవికి పోయినవారు మధ్యాహ్నమునకు తిరిగివత్తురు. ఎండ మిన్నంటియున్న ఆ వేళ ఇంటి పంచలో, చెట్టునీడలో కూర్చుండి యాబదేసి ఆకులు లెక్కించి కట్టలు కట్టుదురు. సాయంకాలము కల్లమునకు మోసికొనిపోయి కల్లేదారునకు అప్పగింతురు. 1971లో చట్టము వచ్చి ఈ వర్తకము ప్రభుత్వాధీనమైనది. ఆకు కోయు చేతులకు తీరిక మాత్రము రాలేదు. ఆ రెండు మూడు గంటలు చేతులకు పని యున్నది, చెవులకు లేదు. ఆకులు కట్టువారిలో అనేకులకు అక్షరములు రావు. పన్ను కట్టిన ఆ ముసలమ్మ అచటనే యున్నది.

ఆ చెవులకు పుస్తకము వినిపించుట సాధ్యమా? ఇందుకు తార్కాణములు వెదకనక్కరలేదు, బీడీలోను చుట్టలోనునే యున్నవి. క్యూబా ద్వీపమున హవానా నగరపు చుట్టల కర్మాగారములలో 1865లో ఒక ఆచారము మొదలైనది. చుట్టలు చుట్టు కార్మికుల నడుమ ఎత్తైన పీటపై ఒకడు కూర్చుండి ఉదయము వార్తాపత్రికను, పిదప నవలను బిగ్గరగా చదువును. వాని కూలి కార్మికులే తమ సంపాదనలోనుండి ఇచ్చిరి. ఏ పుస్తకము చదువవలెనో వారే నిర్ణయించుకొనిరి. ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా నవల వారి కెంతగా నచ్చెననగా, మాంటిక్రిస్టో అను ఆ కథానాయకుని పేరే ఒక చుట్టకు పెట్టబడినది. అంత దూరము పోనక్కరలేదు. కేరళలోని కన్ననూరు సీమలో బీడీ కార్మికులు తమలో ఒకనిని చదువుటకు నియమించి, వాడు చుట్టవలసిన బీడీలను మిగిలినవారు తమ లెక్కలోనుండి పూరించెడివారు. అక్షరములు రాని కార్మికుడు దేశ రాజకీయములను, మలయాళ నవలలను గూర్చి వాదించుట అచట వింత కాదు. బీడీ చుట్టుచోట చదువగలిగినప్పుడు బీడీ ఆకు కట్టుచోట చదువుటకు అడ్డమేమి?

ఇది ఈ దేశమునకు క్రొత్త పద్ధతియు కాదు. రచ్చబండ వద్ద భారత భాగవతములు చదివి అర్థము చెప్పు పురాణకాలక్షేపము తెలుగు పల్లెలకు తరతరముల వాడుక. చదువువాడొకడు, వినువారు నూర్గురు. సెలవులలో నున్న పదవ తరగతి పిల్ల ఒకతె క్రొత్త కట్టలోని కథల పుస్తకము చేతబట్టి తన అమ్మమ్మ, మేనత్త, ఇరుగుపొరుగు అమ్మలు ఆకు కట్టుచున్నచోట గంటసేపు చదివినచో ఆ పుస్తకమునకు ఒక్క మధ్యాహ్నములో పదిమంది చదువరులు. పుస్తకముల లెక్కలో ఒక్క ఎరువుగానే వ్రాయబడును. ఆ లెక్క తప్పని ఎవరైనను ఒప్పుకొందురు.

ఇచట మరియొక చిక్కు. ఆకు కట్టువారిలో కోయలు, కొండరెడ్లు అనేకులు. కోయల ఇంటిలో కోయభాష. గోతాములో వచ్చిన పుస్తకములలో వారికి తమ ముఖము కనబడునది ఎన్ని? జాబితాలు దూరనగరములలో తయారగును. పోటీ పరీక్షల పుస్తకములు, వ్యక్తిత్వ వికాస గ్రంథములు, పాత నవలల పునర్ముద్రణములు, పిల్లల నీతికథలు. ఇవి అక్కరలేనివి కావు. ఉద్యోగపరీక్షకు సిద్ధపడు యువకునకు పరీక్షల పుస్తకమే మహాభారతము. కొత్తగూడెముపోయి కొనలేని పిల్లవాడు దానికొరకు ఉదయమే వచ్చి తలుపువద్ద నిలుచుండుటలో తప్పులేదు. అయినను ఈ అడవినిగూర్చి వ్రాయబడినది ఈ అడవికి రాకుండుట విచారకరము. దుమ్ముగూడెమున నివసించిన జాన్ కెయిన్ అను పాదిరి 1870లలోనే భద్రాచలము, రేకపల్లి తాలూకాల కోయల ఆచారములనుగూర్చి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వ్రాసెను. హైమెన్‌డార్ఫ్ పండితుడు గోదావరి లోయ కొండరెడ్లతో నివసించి వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. పాపికొండల మనుష్యులనుగూర్చి విదేశ విశ్వవిద్యాలయములలో చదువుకొందురు. ఆ మనుష్యుల మనుమలు చదువు గ్రంథాలయములో ఆ మాట చెప్పు పుస్తకమొకటి ఉండవలదా?

2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో, వానిలో కోయభాషయందును, చిన్న తరగతులకు వాచకములు చేయించినది. అట్టి వాచకములు బడితో ముగిసిపోవు వస్తువులు కావు. గ్రంథాలయమున ఒక అర వానికి ఇచ్చి, దానిప్రక్కన తెల్లకాగితముల పుస్తకమొకటి ఉంచినచో, కోయపెద్దలు చెప్పు కథలను, భూమిపండుగ పాటలను పిల్లలు తెలుగులిపిలో వ్రాసియుంచవచ్చును. కొన్న పుస్తకము ఎట్లు క్రొత్తదో వ్రాయించుకొన్న పుస్తకము అట్లే క్రొత్తది. దానికి జాబితాతోను మార్చి 31తోను పని లేదు.

క్రొత్తది అనగా నేమి? ఈ సంవత్సరము అచ్చైనది అని అంగడివాడు చెప్పును. ఈ ఊరిలో ఇంకను ఎవరును చదువనిది అని గ్రంథాలయము చెప్పవలెను. ఈ మర్మమును బరోడా సంస్థానము ఎరిగెను. సయాజీరావు గాయక్వాడు మహారాజు 1910లో అమెరికానుండి బోర్డెన్ అను గ్రంథపాలకుని రప్పించి గ్రంథాలయ శాఖను నెలకొల్పగా, చెక్కపెట్టెలలో పుస్తకములు ఊరూర తిరుగసాగినవి. ఒక ఊరు చదివి ముగించిన పెట్టె మరియొక ఊరికి క్రొత్త పెట్టె. 1931లో తంజావూరు సీమలోని మన్నార్‌గుడిలో కనకసభై పిళ్లగారు ఎద్దుబండిపై గ్రంథాలయము నడిపిరి. తెలుగు నేలపై 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవపై పుస్తకములు పంపిరి. కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ రేవులలో జనులు వేచియుండి పుస్తకములు మార్చుకొనిరి. నీరున్నచోట పడవ, దారియున్నచోట బండి. దమ్మపేట, అశ్వారావుపేట, సత్తుపల్లి నడుమ బస్సులు తిరుగుచునే యున్నవి. మూడు ఊళ్ల గ్రంథాలయములు ఏడాదికి రెండు పర్యాయములు ఏబదేసి పుస్తకములు మార్చుకొనినచో, నిధులు ఆలస్యమైన సంవత్సరమున సైతము వేసవి చివర ఒక క్రొత్త కట్ట ఉండును. లెక్కలలో చిక్కులు వచ్చునని అధికారులు చెప్పుదురు. రాకడ పోకడలకు ఒక పట్టిక, ఇరువురి చేవ్రాళ్లు చాలును. పాలకేంద్రమున దినదినము అంతకంటె చిక్కులెక్కలు వ్రాయుచున్నారు గదా.

ఇన్ని మాటలకు నడుమ నేటి సెల్‌ఫోనును మరచిపోరాదని కొందరు తలపవచ్చును. ఫోనులో నవల దొరకును, వార్త దొరకును, పామాయిలు తోటకు వేయవలసిన ఎరువు దొరకును. అది పుస్తకమునకు శత్రువు కాదు. గోతాము విప్పిన సాయంకాలమే అందలి పుస్తకముల అట్టలను ఫోనుతో చిత్రించి గ్రామస్థుల వాట్సాప్ సమూహమునకు పంపినచో, ఊరిలో తలయొక పుస్తకము అడుగువారు తెల్లవారేసరికి పుట్టుకొనివత్తురు. పూర్వము గ్రామదండోరా వేసి చేయవలసిన పని అది. పుస్తకము చదువుట వేరు, పుస్తకము వచ్చినదని తెలియుట వేరు. రెండవదానికి ఫోనునకు మించిన బంటు లేడు.

రజతోత్సవమునాడు పాత పరిగ్రహణ పట్టికలను బల్లపై ఉంచి చూచుట మంచి ఆచారము. ఒక్కొక్క పుస్తకమునకు రెండు తేదీలు దొరకును: పట్టికలో వచ్చిన తేదీ, పుస్తకపు వెనుక చీటిలో మొట్టమొదట ఎరువుగా పోయిన తేదీ. పాత పుస్తకములలో ఒక ఇరువదింటిని తీసి ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాయవచ్చును. అందుకు పండితులు అక్కరలేదు, ఎనిమిదవ తరగతి పిల్లలు చాలుదురు. వచ్చిన వారములోనే పోయినవి ఏవి, ఏడాది నిలిచినవి ఏవి, చీటిమీద ఒక్క ముద్రయు పడనివి ఏవి అని తెలిసిన పిదప, వచ్చు వేసవికి జిల్లా కేంద్రమునకు పంపవలసిన కోరికల జాబితా తనంతట తయారగును. ఆ జాబితా డిసెంబరులోపల పంపవలెను. మార్చిలో పంపినచో అది మరుసటి సంవత్సరపు కట్టకే పనికివచ్చును.

మృగశిర ఇక కొద్దిదినములలో నున్నది. ఈ సంవత్సరపు కట్టలు ఏ గుమ్మమునందైనను విప్పకుండ నున్నచో వానిని ఈ సాయంకాలమే విప్పవచ్చును. పురికొస కోయుటకు ఒక చిన్న కత్తి చాలును.